జోడీని చూసి ఆడాలె



యాన్యువల్ డే దగ్గర పడుతోంది. ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఇంకో కాగితం మీ చేతికి ఇస్తాం. మీ పాప గానీ బాబు గానీ ఏ ఐటమ్‌లో ఉంటారో టిక్ పెట్టి సంతకం చేసి ఇవ్వాల్సిన కాగితం అది. ఈసారి అందులో ఒక కొత్త గడి ఉంటుంది. ‘కోలాటం: రికార్డు పాట ఉండదు, పిల్లలే పాడతారు’ అని రాసి ఉంటుంది. ఆ గడి పెట్టమని మేనేజ్‌మెంట్‌ను అడిగింది నేనే. ఎందుకు అడిగానో, దాని పక్కన మీరు టిక్ పెట్టాలని ఎందుకు కోరుకుంటున్నానో చెప్పడానికి ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను.

ఇది స్కూల్ సర్క్యులర్ కాదు. మోత్కూర్ బ్రాంచ్‌లో తెలుగు చెప్పే ఒక టీచర్ అభిప్రాయం. మీ అభిప్రాయం వేరే అయితే రాసి పంపండి, వచ్చే నెల ఇదే పేజీలో వేద్దాం.

పోయినేడు గ్రౌండ్‌లో

పోయినేడు కూడా మన యాన్యువల్ డేలో కోలాటం ఉంది. మీలో చాలామంది వీడియో తీశారు, స్టేటస్‌లో పెట్టారు. బాగుందని మెచ్చుకున్నారు. ప్రాక్టీస్ జరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఐదో తరగతి పాపను తీసుకెళ్లడానికి వాళ్ల నాయనమ్మ వచ్చింది. బస్సు కదలడానికి టైముందని గ్రౌండ్ పక్కన అరుగు మీద కూర్చుంది. స్పీకర్‌లో సినిమా పాట, పిల్లల చేతుల్లో రంగు కాగితం చుట్టిన ప్లాస్టిక్ పైపులు. నాలుగు వరుసల్లో నిలబడి, అందరూ స్టేజీ ముందువైపే చూస్తూ, ఎవరి కోలలు వాళ్లే కొట్టుకుంటూ ఆడుతున్నారు.

ఆమె కాసేపు చూసి నన్ను పిలిచింది.

“గిదేం ఆట టీచరమ్మా?”

“కోలాటం అవ్వా.”

“కోలాటమా? గట్ల ముందట చూసుకుంట ఆడితె ఎవలి కోల యాడున్నదో ఎట్ల ఎర్కైతది? జోడీని చూసి ఆడాలె.”

వీడియోలో ముఖాలు కనపడాలి కదా అవ్వా, అందుకే అలా నిలబెట్టాం అని చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. వెళ్లేటప్పుడు మనవరాలి చేతిలోంచి ఆ పైపులు తీసుకుని ఒకదానికొకటి కొట్టి చూసింది. “సప్పుడే లేదు బిడ్డా” అని తిరిగి ఇచ్చేసింది.

ఆ మాటల తర్వాత చాలా రోజులు నాకు ఆ ఐటమ్ చూస్తుంటే ఇబ్బందిగా ఉండేది. డ్యాన్స్ మాస్టర్ తప్పేమీ లేదు. మూడు వారాల్లో నలభై మంది పిల్లలతో వీడియోకు బాగుండే ఐటమ్ కావాలని అడిగింది మేమే. కోలలు తగిలితే దెబ్బలు తగులుతాయని, ఎవరి కోలలు వాళ్లే కొట్టుకునేలా మార్చమన్నదీ మేమే. అలా మారుస్తూ పోయేసరికి కోలాటంలో కోలాటం అన్నది లేకుండా పోయింది. నలభై మంది ఒకే చోట నిలబడి ఒంటరిగా ఆడారు.

అసలు ఆట ఎలా ఉంటుంది

మీలో చాలామంది చూసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. కోలాటం జంటల ఆట. ఆడేవాళ్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యలో ఉంటుంది. ఒక వలయం లోపల, ఒక వలయం బయట. లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి తిరిగి ఎదురెదురుగా నిలబడతారు. నడుమ తాళాలు పట్టుకుని ఆట నడిపే మనిషి ఉంటాడు. ఆయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఒక దెబ్బ తన కోలల మీద, ఇంకో దెబ్బ ఎదుటివారి కోల మీద. ఒక్కో రకం అడుగుల వరుసను ఒక్కో కోపు అంటారు. కోపు మారాల్సినప్పుడు ఆట నడిపే మనిషి తాళం మారుస్తాడు, లేదంటే ఈల వేస్తాడు. నెమ్మదిగా మొదలైన పాట చివరికి వచ్చేసరికి ఊపందుకుంటుంది. కోపు పూర్తయ్యేసరికి జోడీ కూడా మారుతుంది. ఒక అడుగు పక్కకు జరిగితే మీ ముందు కొత్త ముఖం ఉంటుంది.

జడకోలాటం ఇంకా కష్టం. పైన కట్టిన తాళ్లను ఒక్కొక్కరూ ఒక చేత్తో పట్టుకుని, లోపలికీ బయటికీ దాటుతూ ఆడుతుంటే తాళ్లన్నీ కలిసి జడ అల్లుకుంటుంది. తర్వాత అదే వరుస తిరగేసి ఆడితే అల్లిన జడ విడిపోవాలి. మధ్యలో ఒక్కరు తప్పు దాటినా చిక్కు పడుతుంది. ఎవరు తప్పారో తాడే చెబుతుంది.

ఇందులో మీ పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఎదుటివాడి చెయ్యి ఎంత వేగంగా వస్తోందో చూసి తన చెయ్యి కదపడం నేర్చుకుంటారు. బలంగా కొట్టే జోడీ వస్తే ఒకలా, మెల్లగా కొట్టే జోడీ వస్తే ఇంకోలా సర్దుకోవడం నేర్చుకుంటారు. తనకన్నా బాగా ఆడేవాడి పక్కన నిలబడి అందుకోవడం, తనకన్నా తక్కువ ఆడేవాడిని ఆగి కలుపుకోవడం నేర్చుకుంటారు. మనం మీటింగుల్లో టీమ్‌వర్క్, లిజనింగ్ స్కిల్స్ అని పెద్ద మాటలు చెబుతుంటాం. అవి ఇవే. క్లాసులో కుడిపక్క కూర్చున్న పిల్లతో ఏడాదంతా మాట్లాడని పాప కూడా, ఆటలో ఆ పిల్ల కోలకు తన కోల అందించక తప్పదు.

ఎనిమిది జంటలా, ఏడు జంటలా?

చదువుకు టైము సరిపోవడం లేదు, ఈ ఆటలెందుకు అనేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. ఇంట్లో పిల్లలతో బియ్యం గింజలు పెట్టి చేసి చూడండి.

లోపలి వలయంలో ఎనిమిది మంది, బయటి వలయంలో ఎనిమిది మంది ఉన్నారనుకోండి. లోపలివాళ్లు కదలకుండా, బయటివాళ్లు కోపు కోపుకు ఒక్కో స్థానం జరిగితే, ప్రతివారూ ఎనిమిది మందితోనూ ఆడి మొదటి జోడీ దగ్గరికి వస్తారు. ఇప్పుడు రెండు వలయాలూ ఎదురెదురు దిక్కుల్లో ఒక్కో స్థానం జరిగాయనుకోండి. నాలుగో కోపు పూర్తి చేసి జరిగేసరికే పాత జోడీ వచ్చేస్తుంది. ప్రతివారూ నలుగురితోనే ఆడతారు, మిగతా నలుగురు ఎప్పటికీ ఎదురుపడరు. అదే ఏడు జంటలు ఉంటే? రెండు వలయాలూ తిరిగినా ఏడుగురితోనూ ఆడాకే మొదటి జోడీ వస్తుంది.

ఎందుకలా? రెండు వైపులా ఒక్కో స్థానం కదిలితే తేడా రెండు స్థానాలు. రెండుకూ ఎనిమిదికీ ఉమ్మడి కారణాంకం ఉంది, రెండుకూ ఏడుకూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. ఆరో తరగతి పుస్తకంలో ఉన్న పాఠమే ఇది. ఆట నడిపిన పెద్దమనుషులు ఆ పాఠం చదవలేదు, అయినా ఎందరుంటే ఎలా తిప్పాలో వాళ్లకు చేతిలో ఉండేది. కాగితం మీద కారణాంకాలు తీయడానికి విసుక్కునే పిల్లవాడు, తన ఫ్రెండ్ తనకు ఎప్పుడు ఎదురుపడతాడో తెలుసుకోవడానికి ఈ లెక్క చేస్తాడు. నేను చేయించి చూశాను.

ఇది ఎంత పాతదో

కోలాటం పల్లెటూరి కాలక్షేపం, చదువుకున్న ఇళ్లలో పిల్లలకు క్లాసికల్ డ్యాన్స్ నేర్పిస్తే చాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. క్లాసికల్ నేర్పించడం మంచిదే. అయితే మన దగ్గర ఈ రెండూ ఎప్పుడూ వేర్వేరు గదుల్లో లేవు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో ‘నృత్త రత్నావళి’ రాశారు. శాస్త్రీయ పద్ధతిని వివరించాక, దేశి నృత్యాలకు కూడా అందులో చోటిచ్చారు. పేరిణి ఉంది. కోలలు పట్టి ఆడే దండరాసకం కూడా ఉంది. 1213లో కట్టిన రామప్ప గుడి స్తంభాల మీద కోలాటం ఆడుతున్న బొమ్మలు ఉన్నాయి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చినప్పుడు మన పిల్లలు అసెంబ్లీలో ఆ వార్త చదివారు. ఈసారి ఎక్స్‌కర్షన్‌కు రామప్ప వెళ్తే ఆ బొమ్మలు ఎటు చూస్తున్నాయో పిల్లలను చూడమనండి.

మన పొరుగు పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునే పాటల రకాలను పేరుపేరునా చెప్పాడు. ఊళ్లో జనం పాడుకునేదాన్ని పుస్తకంలోకి ఎక్కించడం అంత పెద్ద కవికి తక్కువ అనిపించలేదు.

ఈ మధ్య నగరాల్లో టికెట్ కొనుక్కుని దాండియా నైట్‌కు వెళ్లడం మామూలైంది. వెళ్లండి, బాగుంటుంది. గుజరాత్ గర్బాను యునెస్కో 2023లో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. కానీ మోత్కూర్ పిల్లవాడు కోలలు పట్టుకోవడానికి హైదరాబాద్ వెళ్లి టికెట్ కొనాల్సిన పని లేదు. నేర్పే మనిషి వాడి ఇంట్లోనే మంచం మీద కూర్చుని ఉంది.

కరువు సీమలో పుట్టిన ఇంకో జంట ఆట

పాత ఆటను బతికించడం అంటే ఏమిటో ఆలోచిస్తున్నప్పుడు నాకు బ్రెజిల్ గుర్తుకొచ్చింది. ఆ దేశం అనగానే మన పిల్లలకు ఫుట్‌బాల్, మహా అయితే సాంబా తెలుసు. ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలో, వానలు సరిగా పడని మెట్ట నేలల్లో పుట్టిన పాట, జంట ఆట ఒకటుంది. దాని పేరు ఫొహో. ఇద్దరు చేతులు పట్టుకుని, దగ్గరగా నిలబడి, నేల మీద పాదాలు జరుపుతూ ఆడతారు.

వాళ్ల వాయిద్యాలు చూస్తే మన భజన మండలి గుర్తొస్తుంది. ఒకటి అకార్డియన్. గాలి తిత్తితో, లోపలి రేకులు కంపించి పలికేది కాబట్టి మన హార్మోనియానికి దగ్గరి చుట్టం. రెండోది జబుంబా అనే పెద్ద డోలు. ఒక చేత మొద్దు కర్రతో, ఇంకో చేత సన్నటి పుల్లతో వాయిస్తారు. మన డప్పుకు సిర్ర, సిటికెన పుల్ల ఉన్నట్టే అన్నమాట. మూడోది ఇనుప కడ్డీని ముక్కోణంగా వంచి చేసిన ట్రయాంగిల్. మన తాళాలు చేసే పని అది చేస్తుంది.

ఈ ముగ్గురి మేళాన్ని దేశమంతటికీ పరిచయం చేసినవాడు లూయిజ్ గొంజాగా. 1912 డిసెంబర్ 13న పెర్నంబుకో రాష్ట్రంలోని ఎషూ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి పొలం పని చేస్తూ అకార్డియన్లు బాగుచేసేవాడు. కొడుకు సైన్యంలో పనిచేసి, తర్వాత రియో నగరం చేరి, బార్లలో విదేశీ పాటలు వాయిస్తూ పొట్ట పోసుకునేవాడు. ఈశాన్యం నుంచి వచ్చి అక్కడ చదువుకుంటున్న కొందరు విద్యార్థులు ‘మన వైపు పాట ఒకటి వాయించు’ అని అడిగారని, అప్పుడే ఆయన తన ఊరి పాటల వైపు తిరిగాడని ఆయన జీవిత కథలో చెబుతారు. తర్వాత తమ వైపు పశువుల కాపరులు పెట్టుకునే తోలు టోపీతోనే స్టేజీ ఎక్కాడు. 1947లో ఆయన పాడిన ‘అజా బ్రాంకా’ పాట కరువుకు ఊరు విడిచి వలస పోయే మనిషి గురించిన పాట. పాలమూరు లేబర్ అన్న మాట విని పెరిగిన మనకు, సూరత్‌లోనో భీవండిలోనో షోలాపూర్‌లోనో చుట్టాలున్న మనకు, ఆ పాట ఏం చెబుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఫొహోను కూడా ఒకప్పుడు నగరాల వాళ్లు కూలీల ఆట అని చిన్నచూపు చూశారు. 1990లలో సావ్ పావ్లో వంటి నగరాల్లో కాలేజీ విద్యార్థులు దాన్ని నేర్చుకుని ఆడడం మొదలుపెట్టారు. 2005లో గొంజాగా పుట్టినరోజును జాతీయ ఫొహో దినంగా ప్రకటించారు. 2021 డిసెంబర్‌లో బ్రెజిల్ వారసత్వ సంస్థ దాని సంప్రదాయ రూపాలను దేశ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. ఇప్పుడు లిస్బన్, పారిస్, బెర్లిన్ నగరాల్లో కూడా నేర్పే క్లాసులున్నాయి.

ఈ వరుసను గమనించండి. ప్రభుత్వ గుర్తింపు చివర వచ్చింది. అంతకు ముందు ఏటేటా జూన్‌లో సెయింట్ జాన్ పండుగకు కంపీనా గ్రాండే, కరువారు వంటి ఊళ్లలో జనం దిగి ఆడుతూనే ఉన్నారు. చూసేవాళ్ల కోసం ఆడలేదు, ఎదుటి మనిషితో ఆడారు. కుర్రాళ్లు వచ్చి చేరారు. అందుకే అది మిగిలింది.

మన దగ్గర ఎక్కడ తెగింది

మన దగ్గర కోలాటం చచ్చిపోలేదు. ఆ మాట అనేవాళ్లు గణపతి నిమజ్జనం రోజు ఊళ్లోకి రాలేదన్నమాట. ఒకే రంగు చీరలు కట్టుకుని మహిళల కోలాట బృందాలు ఎలా ఆడుతున్నాయో చూస్తూనే ఉన్నాం. శ్రీరామనవమికి, జాతరలకు, గుళ్లో ఉత్సవాలకు వాళ్లను పిలుస్తున్నారు. పగలంతా పత్తి ఏరి, నాట్లు వేసి వచ్చి రాత్రి ప్రాక్టీస్ చేస్తున్న అమ్మలు మన పిల్లల ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు నా దండం.

తెగింది ఇంకోచోట. ఆ బృందం ఆడుతుంటే పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నది ఎవరు? మన పిల్లలు. తల్లికి వచ్చింది, బిడ్డకు రాలేదు. పాట కూడా చాలాచోట్ల డీజే బాక్సులోంచి వస్తోంది కాబట్టి అడుగులు మిగిలినా పాడే గొంతు తగ్గిపోయింది.

నల్గొండ వైపు పిల్లల కోలాటం ఒకటి ప్రత్యేకంగా ఉండేది. మీలో ముప్పై అయిదు దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాముని పున్నమి ముందు రాత్రుళ్లు వెన్నెల్లో పిల్లలు గుంపుగా కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడేవాళ్లు. వాకిట్లో ఆడి పాడితే గింజలో డబ్బులో పెట్టేవారు. నేర్పడానికి మాస్టరు ఉండడు, పెద్ద పిల్లలను చూసి చిన్న పిల్లలు నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు కాముని పున్నమి ఎప్పుడొస్తుంది? సరిగ్గా మన రివిజన్ టెస్టుల నడుమ. ఆ రాత్రుళ్లు పిల్లలను స్టడీ అవర్లో కూర్చోబెడుతున్నది మేము, కూర్చోబెట్టమని ఫోన్ చేసి అడుగుతున్నది మీరు. జాజిరిని ఎవరూ నిషేధించలేదు. టైం టేబుల్‌లో దానికి గడి లేకపోవడంతో అదే పోయింది. ఇందులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను.

మీరు అడగబోయే ప్రశ్నలు

‘చదువు దెబ్బతినదా?’ వారానికి ఒక్క పీరియడ్ అడుగుతున్నాను. యాన్యువల్ డే ముందు మూడు వారాలు రోజూ రెండు పీరియడ్లు ఎలాగూ ప్రాక్టీస్‌కు పోతున్నాయి. వాటినే ఏడాది పొడవునా పంచితే లెక్క సరిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా స్థానిక కళాకారులను బడికి పిలిచి పిల్లలకు నేర్పించమంటోంది. సీబీఎస్ఈ బడుల్లో ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి. చార్టు మీద బొమ్మ అంటించడం కన్నా ఇది మేలు.

‘కోలలు తగిలితే?’ మొదట్లో వేళ్లకు తగులుతాయి. అందుకే మొదటి నెలంతా నెమ్మది పాటే. దెబ్బ తగలకుండా ఉండే ఉపాయం ఆ నాయనమ్మ చెప్పనే చెప్పింది: జోడీని చూడాలి. పోయినేడు మేము చూపులు తిప్పేసి, దెబ్బలకు భయపడి కోలలు దూరం చేశాం.

‘మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి ఆడాలా?’ ఇద్దరి మధ్య ఎప్పుడూ కోల పొడవంత దూరం ఉంటుంది, పట్టుకోవాల్సిన అవసరమే లేదు. ఏడో తరగతి దాటిన పిల్లలకు వేరు వేరు వలయాలు కావాలని మీరు కోరితే అలాగే చేద్దాం. మగపిల్లలను మాత్రం వదిలేయొద్దు. కోలాటం ఆడవాళ్ల ఆట అన్న మాట కొత్తది. మీ ఇంట్లో తాతను అడగండి, ఒకప్పుడు మగవాళ్ల బృందాలు ఎలా ఆడేవో చెబుతాడు.

‘దేవుడి పాటలు మా ఇంట్లో పాడరు’ అని కొందరు నాతో విడిగా అన్నారు. న్యాయమైన మాట. కోలాటం పాటల్లో రాముడు, కృష్ణుడు ఎక్కువగానే ఉంటారు. కానీ నాట్ల పాటలున్నాయి, వెన్నెల పాటలున్నాయి, వావి వరుసల వేళాకోళం పాటలున్నాయి. బడి ఆటకు వాటినే తీసుకుందాం. వలయంలో ఒక్క పిల్లవాడు కూడా పాట వల్ల బయట నిలబడే పరిస్థితి రాకూడదు.

‘డప్పు ఎందుకు, కీబోర్డు ఉంది కదా’ అని కూడా ఒకరు అన్నారు. డప్పు ఏ వాడలోంచి వస్తుందో చూసి దాన్ని దూరం పెట్టిన రోజులను మనం దాటి వచ్చామనుకుంటున్నాం. దాటామో లేదో మన స్టేజీ మీద తెలియాలి. డప్పు ఉంటుంది. వాయించే ఆయనను డ్యాన్స్ మాస్టర్‌ను పిలిచినంత గౌరవంగా పిలిచి, అంతే ఫీజు ఇవ్వాలని మేనేజ్‌మెంట్‌ను అడిగాను.

మీ నుంచి కోరేది

మొదటిది, ఆ కాగితంలో టిక్. పద్నాలుగు మంది పిల్లలు వస్తే ఏడు జంటలతో మొదలుపెడతాం. పైన చెప్పిన లెక్క వల్ల ఆ సంఖ్య నాకు నచ్చింది కూడా.

రెండోది, మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో తాతకో కోలాటం పాటలు వస్తే మాకు చెప్పండి. స్కూల్ బస్సులోనే రావచ్చు, పోవచ్చు. ఇంగ్లీష్ మీడియం బడికి వెళ్లి మాకేం పని అని వాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం పోగొట్టాల్సింది మీరే. చదువు రాదని ఇన్నేళ్లూ పేరెంట్స్ మీటింగ్‌కు రాకుండా ఇంట్లో ఉండిపోయిన మనిషి, టీచర్ స్థానంలో నిలబడితే మనవడు ఆమెను చూసే చూపే మారుతుంది.

మూడోది కాస్త కష్టం. ఆ రోజు స్టేజీ మీద పాట మధ్యలో ఆగవచ్చు. ఒకరి కోల జారి కింద పడవచ్చు. వలయంలో ఆడతారు కాబట్టి సగం సేపు మీ పాప వీపే మీకు కనిపిస్తుంది. వీడియో పోయినేటిలా రాదు. దానికి మీరు సిద్ధపడాలి. వీలైతే ఆ పది నిమిషాలు ఫోన్లు జేబులో పెట్టుకుని చప్పట్లతో తాళం వేయండి. పాట అందుకోవడం వస్తే మీరూ అందుకోండి.

యాన్యువల్ డే అయ్యాక కూడా ఆపొద్దని నా ఆశ. కాముని పున్నమికి ముందు ఒక సాయంత్రం స్టడీ అవర్ రద్దు చేసి, స్కూల్ గ్రౌండ్‌లో స్టేజీ లేకుండా, మైకు లేకుండా పిల్లల చేత జాజిరి ఆడిద్దామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ‘పేరెంట్స్ ఒప్పుకుంటే చూద్దాం’ అన్నారు. అందుకే మీకు ఇంత పొడుగున రాశాను.

పోయినేడు వచ్చిన నాయనమ్మకు కబురు పంపాను. వస్తానంది. ప్లాస్టిక్ పైపులు మాత్రం పట్టనని, చేవ ఉన్న కట్టె కొట్టించి కోలలు తనే చేయించి తెస్తానని చెప్పింది. ఎన్ని జతలు తేవాలో చెప్పమని మనవరాలితో రెండుసార్లు అడిగించింది. మీ సంతకాలు వచ్చాక ఆమెకు లెక్క చెప్పాలి.

ఇట్లు,
తెలుగు టీచర్, మోత్కూర్ బ్రాంచ్